ప్రైవేటు ఫండ్లలో చేరడానికి ఎవరు అర్హులు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

స్థలాలు అమ్మినవారు, పదవీ విరమణ చేసినవారు, విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు ప్రైవేటు పెట్టుబడి ఫండ్ల గురించి పంపిన ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఒకటే సందేహం: వీటిలో చేరడానికి మాకు అర్హత ఉందా, లేదా? పేర్లు తీసేసి, ఒకే రకమైన ప్రశ్నలను ఒకచోటికి చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది తెనాలి. ఊరి పక్కనున్న స్థలం అమ్మితే పన్ను పోను కోటీ ఇరవై లక్షలు మిగిలాయి. బ్యాంకులో మా ఖాతా చూసే రిలేషన్‌షిప్ మేనేజర్ ఆ డబ్బు ఏఐఎఫ్ అనే ఫండ్‌లో పెట్టమంటున్నారు. ‘ఇది అందరికీ దొరికేది కాదు, మీకు అర్హత ఉంది కాబట్టే చెబుతున్నాం’ అంటున్నారు. నాకు 61 ఏళ్లు. వ్యాపారం మానేశాను. నిజంగా నాకు అర్హత ఉందా?

జవాబు: కాగితం మీద చూస్తే ఉంది. ఏఐఎఫ్ అంటే ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్. 2012లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన నిబంధనల కింద నమోదై, బహిరంగ ప్రకటనలు ఇవ్వకుండా, పరిమిత సంఖ్యలో పెట్టుబడిదారుల నుంచి డబ్బు సమీకరించి, దాన్ని స్టార్టప్‌లలోనో, స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీల్లోనో, రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్లోనో, రుణపత్రాల్లోనో పెట్టే ఫండ్లు ఇవి. ఒక్కొక్కరు కనీసం 1 కోటి రూపాయలు పెట్టాలి. ఒక స్కీమ్‌లో 1000 మందికి మించి పెట్టుబడిదారులు ఉండకూడదు. ఆ ఫండ్‌లోనో, దాన్ని నడిపే మేనేజర్ సంస్థలోనో పనిచేసే ఉద్యోగులకు, డైరెక్టర్లకు మాత్రం కనీస మొత్తం 25 లక్షలు. మీ వయసెంత, ఏం చదివారు, ఇంతకుముందు షేర్లు కొన్న అనుభవం ఉందా అని ఈ నిబంధన అడగదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. కోటి రూపాయలు ఒకచోట పెట్టగలిగినవారు నష్టం వచ్చినా తట్టుకోగలరని, సలహాదారుకు ఫీజు ఇచ్చి కాగితాలు చదివించుకోగలరని ఈ నిబంధన అనుకుంటుంది. పాతిక కోట్లు ఉన్న మనిషి విషయంలో ఆ ఊహ నిజం కావచ్చు. కానీ నిబంధన మీరు ఎంత పెడుతున్నారన్నదే చూస్తుంది, పెట్టాక మీ దగ్గర ఎంత మిగులుతుందన్నది చూడదు. మీ విషయంలో మిగిలేది ఇరవై లక్షలు. ఫండ్ దృష్టిలో మీరు, ఆ పాతిక కోట్ల ఆసామి ఒక్కటే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. కోటి అంటే సాధారణంగా తొలిరోజే కోటి రూపాయల చెక్కు ఇవ్వడం కాదు. కోటి ఇస్తానని ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తారు. ఆ తర్వాత ఫండ్‌కు అవసరమైనప్పుడల్లా ఇంత శాతం కట్టమని డ్రాడౌన్ నోటీసు వస్తుంది. గడువు తక్కువగా ఉంటుంది. ఆ గడువులోగా కట్టకపోతే వడ్డీ వేయడం దగ్గర నుంచి, అప్పటికే కట్టిన యూనిట్లలో కొన్నిటిని కోల్పోయేదాకా షరతులు ఒప్పందంలోనే రాసి ఉండవచ్చు. స్టార్టప్‌లు, లిస్ట్ కాని కంపెనీలు, రుణపత్రాల వంటివాటిలో పెట్టే ఫండ్లకు (వీటిని కేటగిరీ 1, కేటగిరీ 2 అంటారు) కాలపరిమితి కనీసం 3 ఏళ్లు ఉండాలి. విలువ లెక్కన మూడింట రెండు వంతుల మంది పెట్టుబడిదారులు ఒప్పుకుంటే దాన్ని మరో 2 ఏళ్లు పొడిగించవచ్చు. ఆచరణలో చాలా ఫండ్ల గడువు మూడేళ్లకన్నా బాగా ఎక్కువ. మధ్యలో వైద్యానికో, పిల్ల పెళ్లికో డబ్బు కావాలంటే తిరిగి ఇమ్మని అడిగే వీలు ఉండదు.

మీకు ఇచ్చిన ప్లేస్‌మెంట్ మెమొరాండంలో (ఫండ్ వివరాలు, షరతులు ఉండే పత్రం) కాలపరిమితి, కట్టలేకపోతే ఏమవుతుంది, ఫీజులు అనే మూడు భాగాలను మీ ఆడిటర్ గారి చేత చదివించండి. రిలేషన్‌షిప్ మేనేజర్‌ను కూడా ఒక మాట అడగండి: ఇందులో బ్యాంకుకు వచ్చే కమీషన్ ఎంత, ఇదే ఫండ్‌లో డైరెక్ట్ ప్లాన్ ద్వారా చేరితే ఆ కమీషన్ తప్పుతుందా? డైరెక్ట్ ప్లాన్ ఇవ్వాలని సెబీ 2023లోనే ఆదేశించింది. మా అభిప్రాయం సూటిగా చెప్పమంటే, మీకు అర్హత ఉంది, అవసరం లేదు.

ప్రశ్న: నేను, మా బావమరిది హైదరాబాద్‌లోనే ఉంటాం. ఇద్దరం చెరి 50 లక్షలు వేసుకుని ఒకే పేరు మీద ఏఐఎఫ్‌లో చేరదామనుకుంటున్నాం. మా మధ్య నోటు రాసుకుంటే సరిపోతుందని ఒక స్నేహితుడు అన్నాడు. ఇద్దరి పేర్లూ కలిపి జాయింటుగా పెట్టవచ్చా?

జవాబు: జాయింటుగా పెట్టడానికి సెబీ అనుమతి ఉంది. కానీ ఎవరెవరు కలవవచ్చో 2014లోనే స్పష్టంగా చెప్పింది. భార్యాభర్తలు కలవవచ్చు. తల్లి గానీ తండ్రి గానీ తమ కొడుకుతోనో కూతురితోనో కలవవచ్చు. అది కూడా ఇద్దరికి మించకూడదు. ఈ జంటల విషయంలో ఇద్దరికీ కలిపి కోటి ఉంటే చాలు. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు, బావాబావమరుదులు, వ్యాపార భాగస్వాములు ఈ జాబితాలో లేరు. వాళ్లు జాయింటుగా చేరితే ఒక్కొక్కరికీ విడిగా కోటి కనీస మొత్తం వర్తిస్తుంది. అంటే మీరిద్దరూ కలిస్తే 2 కోట్లు కావాలి.

ఇక నోటు సంగతి. మీ ఒక్కరి పేరు మీద కోటి పెట్టి, అందులో సగం మీ బావమరిదిదని నోటు రాసుకున్నారనుకుందాం. ఫండ్ రిజిస్టర్‌లో మీ బావమరిది పేరు ఎక్కడా ఉండదు. ఖాతా వివరాల నివేదిక మీకే వస్తుంది, పన్ను మీ పాన్ నంబరు మీదే పడుతుంది, డ్రాడౌన్ నోటీసు మీకే వస్తుంది. ఆయన తన వంతు సర్దలేకపోతే ఆ మొత్తం కూడా మీరే కట్టుకోవాలి. మీకేమైనా జరిగితే యూనిట్లు మీ నామినీ పేరు మీదికి వెళతాయి. అప్పుడు తన సగం తనకు రావాలని మీ బావమరిది తన సొంత అక్కతోనో చెల్లెలితోనో తగాదా పడాలి. ఆయనకు ఏదైనా నష్టం జరిగితే సెబీకి ఫిర్యాదు చేసుకునే దారి కూడా ఉండదు, ఎందుకంటే ఆ ఫండ్‌కు ఆయన పెట్టుబడిదారే కాదు.

ఇవన్నీ కుటుంబంలోని చిక్కులు. చట్టం వైపు నుంచి వచ్చే చిక్కు మరొకటి ఉంది. కేవైసీ పత్రాల్లో ఈ డబ్బు నాదే, దీని అసలు లబ్ధిదారును నేనే అని మీరు సంతకం చేస్తారు. ఇంకొకరి డబ్బుతో మీ పేరు మీద ఆస్తి కొన్నారన్న కోణంలో చూస్తే, 2016లో కట్టుదిట్టం చేసిన బినామీ లావాదేవీల నిషేధ చట్టం కింద కూడా ప్రశ్నలు రావచ్చు. ఇంట్లో దాచుకునే ఒక నోటు ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పలేదు.

ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) పెట్టి దాని ద్వారా చేరదామని కూడా కొందరు అడిగారు. ఎప్పటినుంచో వ్యాపారం చేస్తున్న కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, అవిభక్త హిందూ కుటుంబం తమ పేరు మీద పెట్టుబడి పెట్టవచ్చు. కనీస మొత్తాన్ని దాటవేయడానికి మాత్రమే నిన్నగాక మొన్న పెట్టిన సంస్థను జాగ్రత్తగల ఫండ్ మేనేజర్ ఒప్పుకోడు. ఒప్పుకున్న మేనేజర్ మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉంటాడో ఆలోచించుకోండి.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. ఉంటున్న ఇల్లు కాకుండా భూములు, ప్లాట్లు కలిపి 9 కోట్ల దాకా ఉంటాయి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కోటీ అరవై లక్షలు. ఏటా వచ్చే ఆదాయం 40 లక్షలు. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్‌నైతే కోటి కన్నా తక్కువతో కూడా చేరవచ్చని విన్నాను. నాకు ఆ గుర్తింపు వస్తుందా?

జవాబు: మీరు విన్నది నిజమే. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అంటే తగినంత ఆదాయమో ఆస్తో ఉందని ధ్రువీకరణ పొందిన పెట్టుబడిదారు. ఈ గుర్తింపును సెబీ 2021లో తెచ్చింది. అది ఉన్నవారికి ఏఐఎఫ్‌లో కోటి కనీస మొత్తం వర్తించదు. అయితే మీరు చెప్పిన లెక్కల ప్రకారం మీకు ఆ గుర్తింపు రాదు.

వ్యక్తులకు ఈ గుర్తింపు మూడు దారుల్లో దేనిద్వారానైనా వస్తుంది. మొదటిది, ఏటా ఆదాయం కనీసం 2 కోట్లు ఉండటం. రెండోది, నికర ఆస్తి కనీసం 7.5 కోట్లు ఉండి, అందులో కనీసం 3.75 కోట్లు ఆర్థిక ఆస్తుల రూపంలో ఉండటం. మూడోది, ఆదాయం కనీసం కోటి, నికర ఆస్తి కనీసం 5 కోట్లు ఉండి, ఆ ఆస్తిలో కనీసం 2.5 కోట్లు ఆర్థిక ఆస్తులై ఉండటం. మీ ఆదాయం 40 లక్షలు కాబట్టి మొదటి దారి, మూడో దారి మూసుకుపోయాయి. రెండో దారిలో మీ మొత్తం ఆస్తి 10.6 కోట్లు, అంటే 7.5 కోట్లు సులభంగా దాటారు. కానీ అందులో కనీసం 3.75 కోట్లు ఆర్థిక ఆస్తులుగా, అంటే షేర్లు, ఫండ్ యూనిట్ల వంటి రూపంలో ఉండాలి. మీకున్నది 1.6 కోట్లు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ నిబంధన దగ్గర ఆగిపోయేవారు చాలామంది ఉంటారు. తరతరాలుగా మన ఆస్తి పట్టాదారు పాస్‌బుక్కుల్లోనే ఉంటోంది. భూమి విలువ ఎంత పెరిగినా ఈ లెక్కలో అది ఆర్థిక ఆస్తి కిందికి రాదు. ఇందులో సెబీని తప్పుపట్టలేం. ప్రైవేటు ఫండ్‌లో నష్టం వస్తే దాన్ని అర్థం చేసుకోవడానికి, తట్టుకోవడానికి మార్కెట్ ఆస్తులతో పరిచయం ఉండాలన్నది దాని ఉద్దేశం. పైగా భూమి విలువను రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కన చూడాలా, ఊళ్లో చెప్పుకునే ధర ప్రకారం చూడాలా అన్న పేచీ కూడా ఈ షరతు వల్ల తగ్గుతుంది. ఈ గుర్తింపు కోసమే భూమి అమ్మి షేర్లు కొనమని మాత్రం మేం చెప్పం.

అర్హత ఉన్న పాఠకులకు ఒక మాట. ఫండ్ దగ్గర స్వయంగా సంతకం చేసి ఇచ్చే ప్రకటన ఈ గుర్తింపుకు చెల్లదు. సెబీ గుర్తించిన అక్రెడిటేషన్ ఏజెన్సీకి ఆదాయపు పన్ను రిటర్నులో, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన నికర ఆస్తి ధ్రువపత్రమో సమర్పించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. డిపాజిటరీల అనుబంధ సంస్థలు ఈ పని చేస్తున్నాయి. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది, అది తీరాక మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కోటి కన్నా తక్కువకు చేర్చుకోవాలని ఫండ్‌ను బలవంతం చేయలేరు.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక మందుల కంపెనీలో పదిహేనేళ్లుగా సీనియర్ మేనేజర్‌ని. ఏంజెల్ ఫండ్ ద్వారా రెండు మూడు స్టార్టప్‌లలో చిన్న మొత్తాలు పెట్టాలని ఉంది. సీనియర్ ఉద్యోగికి పదేళ్ల అనుభవం, 2 కోట్ల ఆస్తి ఉంటే చాలని ఒకచోట చదివాను. ఆ ప్రకారం నాకు అర్హత ఉందా?

జవాబు: మీరు చదివింది పాత నిబంధన. నివాసగృహం కాకుండా కనీసం 2 కోట్ల నికర ఆస్తి ఉండి, స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టిన అనుభవమో, కంపెనీలు స్థాపించిన అనుభవమో, పదేళ్లకు తగ్గని సీనియర్ యాజమాన్య అనుభవమో ఉన్న వ్యక్తిని అప్పట్లో ఏంజెల్ ఇన్వెస్టర్‌గా లెక్కించేవారు. 2025 సెప్టెంబరులో సెబీ దీన్ని మార్చింది. ఇకమీదట ఏంజెల్ ఫండ్లు అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ల దగ్గరే డబ్బు తీసుకోవాలి. అప్పటికే నడుస్తున్న ఫండ్లు కొత్త పద్ధతికి మారడానికి ఏడాది గడువు ఇచ్చింది. అందువల్ల పైన కరీంనగర్ పాఠకుడికి చెప్పిన మూడు దారుల్లో ఏదో ఒకటి మీకు వర్తించాలి.

వ్యక్తిగతంగా మాకు పాత పద్ధతే నచ్చింది. మందుల తయారీ గురించి పదిహేనేళ్లుగా తెలిసిన మనిషికి ఆ రంగంలోని స్టార్టప్‌ను అంచనా వేసే శక్తి ఉంటుంది. ఆదాయం 2 కోట్లు ఉన్నంత మాత్రాన ఆ శక్తి ఎవరికీ రాదు. కానీ అనుభవాన్ని ఏ సర్టిఫికెట్‌తో కొలవాలన్నది తేలని ప్రశ్న. డబ్బును కొలవడం సులువు.

ప్రశ్న: అమెరికాలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన పదిమంది డబ్బు కలిపి అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కొనే సిండికేషన్ గురించి పోస్టు పెట్టారు. ఒక్కొక్కరు 50,000 డాలర్లు పెట్టాలట. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్‌నని ఒక గడిలో టిక్ పెడితే చాలన్నారు. నిరుడు మా ఇద్దరి ఆదాయం కలిపి 3,20,000 డాలర్లు. అంతకుముందు సంవత్సరం మా ఆవిడకు ఉద్యోగం లేకపోవడంతో 1,90,000 డాలర్లే వచ్చింది. 401కే రిటైర్‌మెంట్ ఖాతాల్లో 2,60,000, షేర్లలో 3,10,000, శంషాబాద్ దగ్గరున్న స్థలం 3,80,000 డాలర్ల దాకా ఉంటాయి. ఈ పెట్టుబడి కోసమని పోయిన నెల ఇంటి మీద 80,000 డాలర్లు హోమ్ ఈక్విటీ లైన్ అప్పు తీసుకుని బ్యాంకులో ఉంచాం. అన్నీ కలిపితే మిలియన్ దాటుతుంది కదా?

జవాబు: దాటదు. ఎందుకో చూద్దాం.

మన దేశంలో ఏఐఎఫ్ నిబంధన మీరు ఎంత పెడుతున్నారని అడిగితే, అమెరికా నిబంధన మీకు ఎంత ఉందని అడుగుతుంది. ఆదాయం దారిలో చూస్తే, ఒక్కరికైతే 2,00,000 డాలర్లకు పైగా, భార్యాభర్తలకు కలిపి 3,00,000కు పైగా, గత రెండేళ్లలో ప్రతి ఏడూ వచ్చి ఉండాలి. ఈ ఏడు కూడా అంత వస్తుందని సహేతుకంగా అనుకోగలగాలి. మొదటి ఏడు మీ లెక్క తగ్గింది కాబట్టి ఈ దారిలో మీరు లేరు. వచ్చే ఏడాది ఇదే ప్రశ్న అడిగితే జవాబు మారవచ్చు.

రెండో దారి నికర ఆస్తి. అది ఇద్దరికీ కలిపి 10 లక్షల డాలర్లకు మించాలి. మీరు ఉంటున్న ఇంటి విలువ ఇందులో కలపకూడదు. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంతో ఈ మార్పు వచ్చింది. ఇంటి విలువకు మించని గృహరుణాన్ని అప్పుగా కూడా లెక్కించరు. కానీ పెట్టుబడి పెట్టే రోజుకు ముందు 60 రోజుల్లో ఇంటి మీద కొత్తగా తీసుకున్న అప్పు ఉంటే దాన్ని మాత్రం అప్పుల్లో చూపించాలి. ఇంటి విలువను బయటికి తీసి నగదుగా మార్చి, దాంతో మిలియన్ గీత దాటే ప్రయత్నాన్ని ఆపడానికే ఆ వాక్యం రాశారు. మీ 80,000 డాలర్లు బ్యాంకులో ఆస్తిగా ఉన్నాయి, అదే మొత్తం అప్పుగానూ ఉంది. రెండూ కొట్టేసుకుంటాయి. మిగిలేది 9,50,000 డాలర్లు. శంషాబాద్ స్థలాన్ని లెక్కలో చేర్చడంలో తప్పు లేదు, ఆస్తి ఏ దేశంలో ఉన్నా ఆస్తే. అయితే ఆ 3,80,000 డాలర్లు బంధువులు ఫోన్‌లో చెప్పిన ధరా, నిజంగా అమ్మితే వచ్చే ధరా అన్నది మీరు నిజాయితీగా తేల్చుకోవాలి.

ఇక టిక్ పెట్టడం గురించి. ఈ సిండికేషన్లు చాలావరకు రెగ్యులేషన్ డీ (ప్రైవేటుగా పెట్టుబడులు తీసుకోవడానికి వీలిచ్చే అమెరికా నిబంధనలు) కింద రెండు నిబంధనల్లో ఒకదాన్ని వాడుకుంటాయి. 506 బీ కింద బహిరంగ ప్రచారం చేయకూడదు. నిర్వాహకుడికి ముందునుంచీ నిజమైన పరిచయం ఉన్నవారికే చెప్పాలి. ఈ పద్ధతిలో, విషయాన్ని అర్థం చేసుకోగల పరిజ్ఞానం ఉంటే అక్రెడిటెడ్ కాని వారిని 35 మంది వరకు చేర్చుకోవచ్చు. కానీ అప్పుడు ఇవ్వాల్సిన పత్రాల భారం పెరుగుతుంది కాబట్టి చాలామంది నిర్వాహకులు అందుకు సిద్ధపడరు. 506 సీ కింద బహిరంగంగా ప్రచారం చేసుకోవచ్చు. అయితే చేరేవారందరూ అక్రెడిటెడ్ అయి ఉండాలి, ఆ సంగతిని నిర్వాహకుడు సహేతుకమైన రీతిలో ధ్రువీకరించుకోవాలి. పన్ను రిటర్నులు, డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే జీతం పత్రాలు), సీపీఏ (అక్కడి ఆడిటర్) ఇచ్చిన లేఖ వంటివి అడగడం మామూలు పద్ధతి. ఒట్టి టిక్కు సరిపోదు.

వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టిన మనిషి 506 బీ అంటే నమ్మడం కష్టం. 506 సీ అయితే టిక్కుతో సరిపెట్టడం కుదరదు. రెండిట్లో ఏదైనా ఆయన లెక్క తప్పింది. తొలి అమ్మకం జరిగిన 15 రోజుల్లోగా ఇలాంటి నిర్వాహకులు ఫారం డీ అనే పత్రాన్ని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి దాఖలు చేయాలి. ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి చూస్తే ఆ పత్రం ఉచితంగా దొరుకుతుంది. ఆయన పాత సిండికేషన్లకు ఆ పత్రాలు ఉన్నాయో లేదో, వాటిలో 506 బీ అని రాశారో 506 సీ అని రాశారో పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. అర్హత లేకుండా టిక్ పెట్టి, రేపు డబ్బు పోయాక కోర్టుకు వెళితే, అవతలి లాయరు ముందుగా చూపించేది మీ సంతకాన్నే.

హెడ్జ్ ఫండ్లకు అక్రెడిటెడ్ అయితే చాలా అని అడిగిన మరో పాఠకుడికి ఒక మాట: పెద్ద హెడ్జ్ ఫండ్లు, ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లలో చాలావాటికి అక్రెడిటెడ్ అయితే సరిపోదు. వ్యక్తికి 50 లక్షల డాలర్ల పెట్టుబడులు ఉండాలనే క్వాలిఫైడ్ పర్చేజర్ షరతు వాటిలో ఉంటుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. భారత పౌరుణ్ణే. ఇండియాలోని ఏఐఎఫ్‌లో పెట్టాలని ఉంది. ఎన్నారైలకు వీలుందా, లేక విజయవాడలో ఉన్న మా నాన్నగారి పేరు మీద పెట్టమంటారా?

జవాబు: ఎన్నారైలు ఏఐఎఫ్‌లో చేరవచ్చని నిబంధనల్లోనే ఉంది. కనీస మొత్తం అదే కోటి. పాన్, ఎన్నారైగా చేయించిన కేవైసీ, ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఉండాలి. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా నుంచి కట్టకండి. ఇంత అర్హత ఉన్నా కొన్ని ఫండ్లు అమెరికా నివాసులను చేర్చుకోవు. అక్కడి పన్ను శాఖకు పంపాల్సిన నివేదికల భారం దానికి ఒక కారణం. మీవైపు నుంచి కూడా, విదేశీ ఫండ్ల మీద అమెరికాలో పన్ను లెక్కలు బాగా చిక్కుగా ఉంటాయి కాబట్టి, ముందే మీ సీపీఏను అడగండి.

నాన్నగారి పేరు మీద పెట్టడమంటే రెండు వేర్వేరు పనులు. డబ్బు ఆయనకు నిజంగా బహుమతిగా ఇచ్చేసి, ఆయన తన ఇష్టంతో పెడితే ఆయనే పెట్టుబడిదారు. లాభనష్టాలు, పన్ను, సంతకాలు ఆయనవే. అలా కాకుండా పేరు ఆయనది, డబ్బు నాది అనుకుంటే అది హైదరాబాద్ పాఠకుడి బావమరిది కథే. తండ్రీకొడుకులు జాయింటుగా చేరడానికి సెబీ అనుమతి ఉందన్నది గుర్తుంచుకోండి. మీ ఫండ్ ఒప్పుకుంటే అదే అన్నిటికన్నా శుభ్రమైన దారి.

డాలర్లలోనే పెట్టాలనుకుంటే గుజరాత్‌లోని అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీలో నమోదైన ఫండ్లు ఉన్నాయి. అక్కడ నియంత్రణ సంస్థ ఐఎఫ్‌ఎస్‌సీఏ. పరిమిత పెట్టుబడిదారుల స్కీముల్లో కనీస మొత్తం 1,50,000 డాలర్లు, వెంచర్ క్యాపిటల్ స్కీముల్లో 2,50,000 డాలర్లు.

ప్రశ్న: మా ఊరు నెల్లూరు. ‘ప్రైవేట్ వెల్త్ ఫండ్’ పేరుతో ఒక కంపెనీ వాళ్లు హోటల్లో మీటింగ్ పెట్టారు. 10 లక్షలు కడితే నెలకు రెండు శాతం గ్యారంటీ అంటున్నారు. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ నంబరు కూడా చూపించారు. చేరవచ్చా?

జవాబు: వద్దు. 10 లక్షలకు ఏఐఎఫ్‌లో చేర్చుకునే వీలు మామూలు పెట్టుబడిదారుకు లేదు. ఏఐఎఫ్ అయితే హోటల్లో సభ పెట్టి దారినపోయేవారిని పిలవదు. నెలనెలా ఇంత వస్తుందని హామీ ఇవ్వదు. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు కిరాణా టోకు వ్యాపారికి కూడా ఉంటాయి. వాటిని చూపించి ప్రజల దగ్గర పెట్టుబడులు తీసుకోకూడదు. మీరు అడగాల్సింది సెబీ రిజిస్ట్రేషన్ నంబరు. అది ఐఎన్, ఏఐఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది, పక్కనే కేటగిరీ అంకె ఉంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో నమోదైన ఏఐఎఫ్‌ల జాబితా ఉంది. వాళ్లు చెప్పిన నంబరుకు ఆ జాబితాలో ఏ పేరు ఉందో, అక్షరం తేడా లేకుండా అదేనో కాదో చూడండి. ఇంకొకరి నంబరు వాడుకునేవారూ ఉంటారు.

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వ్యవహారంలో లక్షలమంది డిపాజిటర్లు తమ డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరగడం మన కళ్లముందు జరిగినదే. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకోవడం 2019లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం నేరం. డిపాజిటర్ల రక్షణకు 1999లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం కూడా ఉంది. ఇప్పటికే ఎవరైనా కట్టి ఉంటే రసీదులు, బ్యాంకు బదిలీ వివరాలు, వాట్సాప్ సందేశాలు, మీటింగ్‌లో ఇచ్చిన కరపత్రం భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయండి. రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లోనూ సమాచారం ఇవ్వవచ్చు. సెబీ స్కోర్స్ వేదిక నమోదైన సంస్థల మీద ఫిర్యాదులకు పనికొస్తుంది. ఇలాంటివాళ్ల విషయంలో దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న: నా దగ్గర 30 లక్షలే ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్లు కాకుండా చట్టబద్ధంగా ఇంకేమున్నాయి? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సర్వీసుకు కనీసం 50 లక్షలు కావాలి కాబట్టి అది మీకు అందదు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లలో ఒక సంస్థకు చెందిన అన్ని వ్యూహాల్లో కలిపి 10 లక్షలు ఉంటే చాలు. వాటిని నడిపేది మ్యూచువల్ ఫండ్ సంస్థలే. ఆఫీసు భవనాల్లో వాటా కావాలనుకుంటే, చిన్న, మధ్యతరహా రీట్లకు (రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులు) సెబీ 2024లో నిబంధనలు పెట్టింది. వాటిలోనూ కనీస మొత్తం 10 లక్షలే. రెండిటిలోనూ నష్టాలు వచ్చే అవకాశం ఉంది. 30 లక్షలూ ఒకేదాంట్లో పెట్టకండి.